బెండక్క చెయ్యి

ఆవిడకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ ఆ పేరుతో పిలిస్తే ఆవిడే పలకదు. పేటంతటికీ ఆవిడ బెండక్క. సైకిలు చక్రం గుంతలో పడో గోడకు గుద్దుకునో వంకరపోతే దాన్ని బెండు అంటారు. ఆ బెండు తీయడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. పిల్లలు బెండకాయ అని వెక్కిరిస్తే పానా పట్టుకుని వీధి చివరిదాకా తరిమేది. మర్నాడు వాళ్ల సైకిలే ఆవిడ కొట్టుకు వస్తే కిక్కురుమనకుండా బాగుచేసి ఇచ్చేది. అరవై దాటాక ఆ మనిషికి జరిగిన అవమానం చెబుతాను వినండి. చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెరిగితే ఏమీ అనుకోవద్దు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తండ్రిది సైకిలు కొట్టు. ముందుకు వాలిన రేకు చూరు, గోడకు వేలాడే టైర్లు, ట్యూబుల్లో చిల్లులు వెతకడానికి నీళ్ల తొట్టె, ఎంత కడిగినా నలుపు వదలని గచ్చు. పని నేర్చుకొమ్మని ఆయన కూర్చోబెట్టింది కొడుకును. నేర్చుకున్నది కూతురు. "చూడరా, ఇటు చూడరా" అని ఆయన మొత్తుకుంటుంటే కొడుకు వీధిలో పోయేవాళ్లను చూసేవాడు. కూతురు తొట్టెలో ట్యూబులు ముంచుతూ ఓరకంట తండ్రి చేతుల్ని చూసేది. ఒకరోజు ఆయన బయటికెళ్లి వచ్చేసరికి, సగంలో వదిలేసిన చక్రం స్టాండులో సూటిగా తిరుగుతోంది. "ఎవరు చేశారిది?" అన్నాడు. పిల్ల తడిచేతులు వెనక్కి దాచుకుంది. ఆయన తిట్టలేదు, మెచ్చుకోనూ లేదు. చొక్కా జేబులోంచి సుద్దముక్క తీసి పిల్ల చేతిలో పెట్టాడు.

ఆ సుద్దముక్కతోనే అసలు పని. చక్రాన్ని స్టాండుకెక్కించి తిప్పుతూ, రిమ్ముకు వెంట్రుకవాసి దూరంలో సుద్ద పట్టుకుంటారు. రిమ్ము ఎక్కడ పక్కకు ఉబ్బితే అక్కడ తెల్లగీత పడుతుంది. గీత పడిన చోట ఒక పక్క పుల్లలు బిగించాలి, రెండో పక్కవి వదులు చేయాలి. స్పోకులంటారే, వాటినే కొట్లో పుల్లలంటారు. బిగువు సరిపోయిందో లేదో చెప్పాల్సింది చెవి. గోటితో మీటితే పక్కపక్క పుల్లలన్నీ ఒకే గొంతుతో పలకాలి. అందులో ఒకటి మొద్దుగా పలికిందంటే పని కాలేదన్నమాట.

ఆ కొట్లో ఇంకో పద్ధతి ఉండేది. సాయంత్రం బెండు తీసిన చక్రాన్ని ఆ సాయంత్రమే ఇచ్చేవాళ్లు కాదు. కొక్కేనికి తగిలించి రాత్రంతా వదిలేసేవాళ్లు. కొత్తగా బిగించిన పుల్లలు రాత్రికి సర్దుకుంటాయి, ఎక్కడైనా ఒకటి జారితే తెల్లారేసరికి చక్రం మళ్లీ కాస్త ఒరుగుతుంది. పొద్దున్నే మళ్లీ స్టాండుకెక్కించి చూసి, వంకర లేకపోతేనే చేతికివ్వాలి. "నిద్రపోయి లేచిన చక్రమే నిజం చెబుతుందమ్మా" అనేవాడు తండ్రి. తొందరపడేవాళ్లు గొణుక్కుంటూ వేరే కొట్టుకు పోయేవాళ్లు, వారం తిరక్కుండా మళ్లీ ఇక్కడికే వచ్చేవాళ్లు.

ఆ పిల్ల ఆ పనిలో పడింది చూడండి, ఇక మొదలైంది మాటల వర్షం. మన భాషలో మాటలకేం కరువు? చక్రం ముందు కూర్చుని అన్నానికి లేవకపోతే తల్లి "ఇదేం పిచ్చే నీకు" అనేది. పిచ్చి కాదు యావ అంది నానమ్మ. మగరాయుడి వేషాలంది మేనత్త. తమ్ముడు అదే చక్రం ముందు తండ్రికి భయపడి కాసేపు కూర్చుంటే మాత్రం, "పిల్లాడికి ఎంత శ్రద్ధో, ఎంత తపనో" అని ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. గోళ్లలో నలుపు ఆడపిల్లకుంటే శుభ్రం తెలియని మొద్దు, మగపిల్లాడికుంటే కష్టపడే తత్వం. ఒకే కొట్టు, ఒకే గ్రీజు, ఒకే నలుపు! చివరికి ఆ తమ్ముడికి బెండు తీయడం, విడి పుల్లలతో కొత్త చక్రం కట్టడం నేర్పింది కూడా ఆవిడే. వాడు తప్పు కన్నంలో పుల్ల పెట్టినప్పుడల్లా పక్కనుంచి ఆవిడ నోరు దానంతటదే తెరుచుకునేది.

పెళ్లి సంగతీ అంతే. ఉత్తరాలు పంచే ఒక కుర్రాడి సైకిలు ఊరికే వంకరపోయేది. వచ్చినప్పుడల్లా "గుంతలో పడిందండీ" అనేవాడు. కొన్నాళ్లు పోయాక ఆవిడకు అనుమానమొచ్చింది. "గుంతలో పడితే చక్రం ఇలా వంగదు. పక్కనుంచి ఎవరో తన్నితేనే ఇలా వంగుతుంది" అంది. కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. "ఎవరో కాదండీ, నేనే తన్నాను" అన్నాడు. ఆవిడ నవ్వు ఆపుకోలేక సుద్దముక్క కింద పడేసింది. అతన్నే చేసుకుంటానంటే మళ్లీ మాటలు సిద్ధం. మోజన్నారు, మైకమన్నారు, కళ్లకు పొరలు కమ్మాయన్నారు. మొదటి ముచ్చట తీరాక ఏడుస్తావన్నారు. ఏడవలేదు. ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో పోయేదాకా ఇద్దరూ బాగానే నవ్వుకున్నారు. ఆయన పోయాక వారం తిరక్కుండా ఆవిడ కొట్టుకెళ్లి స్టాండు ముందు కూర్చుంటే, "గుండె కాదమ్మా, బండరాయి" అన్నారు. ఇంట్లో ఒంటరిగా కూర్చుంటే ఆ గోడలు ఆవిడను ఏం చేసేవో ఆ అన్నవాళ్లకేం తెలుసు?

తండ్రి పోయాక కొట్టు తమ్ముడికి వచ్చింది. పనేమో అక్క చేసేది, కొట్టేమో తమ్ముడిది. అది అన్యాయమని ఆవిడకు తట్టనైనా తట్టలేదు. స్టాండు, సుద్ద, చక్రం ఉంటే చాలు, కప్పు ఎవరిదైతేనేం అనుకుంది. అదే ఆవిడ చేసిన పొరపాటు. ఒకరోజు తమ్ముడు వచ్చి, కొట్టు స్థలం ఇచ్చేశానని, అక్కడ పెద్ద సైకిళ్ల షోరూం కట్టిస్తున్నారని, తనను అందులో సూపర్‌వైజరుగా పెట్టుకుంటున్నారని చెప్పాడు.

"మరి నేనో?" అంది ఆవిడ.

"నువ్వు లేకుండానా అక్కా! నీ కోసం ప్రత్యేకంగా ఒక గది. అద్దాల గది. ఆయనే అన్నాడు, ఆవిడే ఈ షోరూంకి ప్రాణమని."

ఆయనంటే షోరూం యజమాని. నిద్రలో కూడా నవ్వు చెదరని మనిషిలా ఉంటాడు. ఆవిడను చూడగానే రెండు చేతులూ జోడించి, "అమ్మా, మీలాంటి ప్యాషన్ ఈ రోజుల్లో ఎక్కడుందమ్మా!" అన్నాడు. రేకు చూరు పోయింది, నలుపెక్కిన గచ్చు పోయింది. వాటి చోట మెరిసే గచ్చు, మెరిసే గోడలు, మెరిసే సైకిళ్లు. వీధివైపు మాత్రం ఒక అద్దాల గది కట్టి, అందులో పాత కొట్టును మళ్లీ చేశారు. రంగు వేసి పాతదానిలా చేసిన బల్ల, కావాలని మసిపూసిన గోడ, వరుసగా పాత టైర్లు. నిజమైన నలుపును తవ్వి పారేసి, కొత్త నలుపు కొని పూశారు! ఆవిడకొక ఏప్రాను ఇచ్చారు. దాని గుండెల మీద పెద్ద అక్షరాలతో ప్యాషన్ అని రాసుంది.

"ఏంటే దీనర్థం?" అని ఆవిడ మరదలిని అడిగింది. తమ్ముడి భార్య ఉన్నదున్నట్టు మాట్లాడే మనిషి.

"ఇష్టం అనుకోండి వదినా. మామూలు ఇష్టం కాదు, ఒక రకం పిచ్చి. యావ లాంటిది."

ఆవిడ పడీపడీ నవ్వింది. "ఇన్నేళ్లూ దేనికి తిట్లు తిన్నానో దాన్నే ఇప్పుడు కుట్టించి మెడలో వేశారన్నమాట!" అంది. చూశారా లోకం తీరు? అమ్మ నోట పిచ్చి, నానమ్మ నోట యావ. అద్దం వెనక్కి వెళ్లి, నాలుగు సైకిళ్లు అమ్మిపెట్టేసరికి అదే ప్యాషన్. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే ఇదే.

మొదట్లో కొన్ని చక్రాలు వచ్చాయి. ఆవిడ హాయిగా పని చేసుకుంది. అద్దం అవతల జనం నిలబడి ఫోన్లతో ఫొటోలు తీసుకునేవాళ్లు. ఆవిడ తల ఎత్తేది కాదు. తర్వాత చక్రాలు రావడం ఆగిపోయింది. కొత్త సైకిళ్ల చక్రం వంగితే ఇప్పుడెవరూ బాగుచేయరు, తీసి పక్కన పడేసి ఇంకోటి వేస్తారు. పని లేక ఆవిడ కూర్చున్నచోటే దిగాలుగా వాడిపోయింది, అద్దం ముందు జనమూ పలచబడ్డారు. అప్పుడు తమ్ముడు ఎక్కడినుంచో ఒక పాత చక్రం పట్టుకొచ్చాడు. బాగా వంగిపోయి ఉంది.

"ఒక పెద్దాయనది అక్కా. సైకిలంటే ప్రాణం ఆయనకి. నువ్వే చెయ్యాలన్నాడు. తొందరేం లేదట."

ఆవిడ ముఖం విప్పారింది. రోజంతా కూర్చుని బెండు తీసింది. పుల్లలన్నీ ఒకే గొంతుతో పలికాయి. పద్ధతి ప్రకారం సాయంత్రం కొక్కేనికి తగిలించి ఇంటికి వెళ్లింది. పొద్దున్నే వచ్చి స్టాండుకెక్కించి తిప్పితే, సుద్ద గీత పడింది. ఒకచోట కాదు, మూడుచోట్ల. పాత పుల్లలు కదా, జారాయేమో అనుకుని మళ్లీ చేసింది. మర్నాడు మళ్లీ వంకర. ఆ మర్నాడూ అంతే. కుక్కతోక వంకరంటారు, అది సామెత. ఇది చక్రం! ఆవిడ చేత్తో సూటి చేసిన చక్రం!

అలా ఒకరోజు కాదు రెండురోజులు కాదు, వారాలు గడిచాయి. చక్రం అదే, వంకర అదే, అద్దం ముందు జనం మాత్రం రోజూ కొత్తవాళ్లు. బెండు తీయని చక్రం చేతికివ్వకూడదు కనుక ఆవిడ ఇవ్వలేదు. "ఆ పెద్దాయనకి ఇంకొక్కరోజు ఆగమని చెప్పరా, పాపం నడిచి తిరుగుతున్నాడేమో" అనేది తమ్ముడితో. "ఆగుతాడులే అక్కా, నువ్వు కంగారుపడకు" అనేవాడు వాడు, నిమ్మకు నీరెత్తినట్టు.

ఆవిడకు భయం పట్టుకుంది. మొదట కళ్లను అనుమానించింది. డాక్టరు దగ్గరికెళ్లి కొత్త అద్దాలు పెట్టించుకుంది. తర్వాత చెవిని అనుమానించింది. ఇంట్లో గ్లాసులు వరుసగా పెట్టి గోటితో మీటి, తేడా వినబడుతోందా లేదా అని పరీక్ష పెట్టుకుంది. చివరికి అనుమానం చేతిమీదికి వచ్చింది. కూర గిన్నె దించుతున్నా, తాళం తిప్పుతున్నా కుడిచేతినే చూసుకునేది. ఎవరైనా పలకరిస్తే చేతులు కొంగులో చుట్టుకునేది. బిగించాననుకున్నది బిగియడం లేదు, సరిచేశాననుకున్నది సరికావడం లేదు. ఇన్నేళ్లలో ఇచ్చిన చక్రాలన్నీ సరిగ్గానే ఇచ్చానా అన్న అనుమానం కూడా మొదలైంది. భర్త పోయినప్పుడు కూడా నిలబడ్డ మనిషి ఈ అనుమానంతో సగమైపోయింది.

ఒకరోజు రిటైరైన టీచరమ్మ ఎవరో అద్దాల గదిలోకి తొంగి చూసి, ఏప్రాను మీది మాట చదివి, "ఈ మాటకి అసలైన పాత అర్థం తెలుసా అమ్మా? బాధపడటం" అంది.

"అయితే నాకిది సరిగ్గా సరిపోయిందండీ" అంది బెండక్క. టీచరమ్మ అది జోకనుకుని నవ్వుతూ వెళ్లిపోయింది.

ఇక లాభం లేదని ఆవిడ యజమాని దగ్గరికెళ్లింది. "బాబూ, ఆ చక్రం ఇంకెవరికైనా ఇవ్వండి. నా చెయ్యి పోయింది. బెండు పోవడం లేదు. పెద్దాయన్ని ఇంకా ఆపడం న్యాయం కాదు. నేను మానేస్తాను" అంది. ఆ మాట అనడానికి ఆవిడ ముందురోజంతా తనకు తాను ధైర్యం చెప్పుకుంది.

ఆయన నవ్వాడు. "అయ్యో, భలేవారే! బెండు పోయిందా లేదా ఎవరికి కావాలమ్మా? జనానికి కావలసింది మీ ప్యాషన్. మీరలా తల వంచుకుని కూర్చుంటే చాలు, ఆ కళే వేరు."

ఎవరికి కావాలట! ఆవిడ తిరిగొచ్చి స్టాండు ముందు కూర్చుంది. ఆ రోజు మరింత శ్రద్ధగా బెండు తీసింది. ఎవరికీ అక్కర్లేకపోయినా తనకు కావాలి గనుక తీసింది. వారం ముగిసేలోగా మానేయాలని మాత్రం గట్టిగా అనుకుంది.

మర్నాడు పొద్దున చక్రం తిప్పింది. సుద్ద పడలేదు. ఇంకా దగ్గరగా పట్టుకుంది. పడలేదు. అవతలి పక్కనుంచి పట్టుకుంది. అయినా పడలేదు. పుల్లలన్నీ మీటింది. అన్నీ ఒకే గొంతు. కళ్లనీళ్లు బుగ్గల మీదికి జారాయి. అద్దం అవతల ఎవరో ఫొటో తీసుకున్నారు. తీసుకోనివ్వు అనుకుంది. చెయ్యి పోలేదు! ఉంది, తనదిగానే ఉంది!

ఈ మాట ముందుగా ఎవరికి చెప్పాలి? తమ్ముడికే. వాడు ఆ రోజు పనికి రాలేదు, మరదలికి రాత్రి నుంచీ జ్వరమట. ఆవిడ మధ్యాహ్నమే బయల్దేరి, దారిలో నాలుగు పళ్లు కొనుక్కుని, ఆయాసపడుతూ వాళ్లింటి మెట్లెక్కింది. తలుపు తీయగానే, "ఒరే, చెయ్యి బాగైందిరా! ఇవాళ చక్రం సూటిగా ఉంది. నిద్రపోయి లేచి కూడా సూటిగా ఉంది!" అంది. చెప్పులు విప్పడం కూడా మరిచిపోయింది.

వాడి ముఖం చూడాలి అప్పుడు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. "అవునా అక్కా, మంచిదే" అన్నాడు గోడకేసి చూస్తూ.

మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకున్న మరదలు లేచి కూర్చుంది. "చెప్పేయండి ఇక. ఇంకా ఎన్నాళ్లు ఏడిపిస్తారు ఆవిడని?"

"నువ్వూరుకో."

"ఎందుకూరుకోవాలి? వదినా, మీ చేతికేం కాలేదు. ఎప్పుడూ ఏం కాలేదు. ఈయనే రోజూ పొద్దున్నే మీకంటే ముందెళ్లి పుల్లలు వదులు చేస్తున్నాడు. ఇవాళ పొద్దున నా జ్వరం వల్ల వెళ్లలేదు కాబట్టి చక్రం సూటిగా ఉంది."

బెండక్క ముందు తమ్ముడి వంక చూసింది, తర్వాత చేతిలోని పళ్ల సంచి వంక చూసింది. సంచిని నెమ్మదిగా బల్లమీద పెట్టింది.

"మరి ఆ పెద్దాయన?" అంది.

"పెద్దాయనా లేడు, చిన్నాయనా లేడు" అంది మరదలు. "చెత్తలో పారేసిన చక్రం అది."

అసలు లేని మనిషి కోసం ఆవిడ ఎన్ని రోజులు నొచ్చుకుందో లెక్క ఎవరు చెబుతారు? తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "నీ కోసమేగా అక్కా చేసింది. చక్రాలు రావడం లేదు. పని లేకపోతే నువ్వు బతకలేవని నాకు తెలుసు. ఆయనేమో అద్దాల గది తీసేద్దామన్నాడు. రోజూ ఒక చక్రముంటే నీకూ పనుంటుంది, ఆయనా ఊరుకుంటాడు. ఇందులో తప్పేముంది? బావ కూడా చక్రం తన్ని వంకర చేసుకొచ్చేవాడుగా. అప్పుడు నవ్వావు!"

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆవిడకు అప్పుడు తెలిసింది.

"మీ బావ వంచింది ఆయన చక్రాన్నిరా. నా చేతిని కాదు. అడగ్గానే నిజం చెప్పాడు, సిగ్గుపడ్డాడు. నేను కళ్లడాక్టరు దగ్గరికెళ్తుంటే నువ్వు చూశావు. రోడ్డు దాటించింది కూడా నువ్వే. నా చెయ్యి పోయిందిరా అని నీ దగ్గరే ఏడ్చాను కదరా! అప్పుడు కూడా నోరు విప్పలేదే! మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లి వదులు చేశావే!"

"నీ సంతోషం కోసమే..."

"నా సంతోషం పేరెత్తకు." ఆవిడ గొంతుకు పక్కింటివాళ్లు కిటికీ తీశారు. "పిచ్చన్నారు, పడ్డాను. యావన్నారు, పడ్డాను. పనికిరాని పిచ్చిదని నాతో ఎవరూ ఆడుకోలేదు ఇంతవరకూ. ఆ పని నువ్వు చేశావు, నేను పని నేర్పిన చేతులతో."

మరదలు మంచం దిగబోయింది. "నువ్వు పడుకోవే, జ్వరంలో ఉన్నావు" అని ఆవిడే దుప్పటి సర్ది, పళ్లు తినమని చెప్పి, తమ్ముడి వైపు చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది.

మర్నాడు ఆదివారం. షోరూం జనంతో కిటకిటలాడుతోంది. ఆవిడ ఏప్రాను మడతపెట్టి బల్లమీద పెట్టి, మామూలు చీరలోనే స్టాండు ముందు కూర్చుంది. చక్రాన్ని ఒకసారి తిప్పింది. తిరుగుతోందో ఆగివుందో తెలియనంత సూటిగా తిరిగింది. అది కళ్లారా చూసుకుంది. తర్వాత పానా తీసుకుని పుల్లలు వదులు చేయడం మొదలుపెట్టింది. ఒకదాని తర్వాత ఒకటి, చివరిదాకా. ఇదీ ప్రదర్శనే అనుకుని జనం ఫోన్లు పైకెత్తారు. పుల్లలు ఒక్కొక్కటే జారి గచ్చు మీద గలగలమని పడ్డాయి. కాసేపటికి రిమ్ము వేరు, మధ్యలో ఉండే హబ్బు వేరు, పుల్లలు వేరు. చక్రమన్నది లేదు.

యజమాని నవ్వుతూనే పరిగెత్తుకొచ్చాడు. "ఏంటమ్మా ఇది? జనం చూస్తున్నారు."

"చూడనివ్వండి బాబూ. నా ప్యాషన్ చూడ్డానికేగా వచ్చారు. బెండు పోయిందో లేదో ఎవరికీ అక్కర్లేదన్నారు. చక్రం ఉందో లేదో మాత్రం ఎందుకు?"

ఆయన నవ్వు మొదటిసారి చెదిరింది. ఆవిడ ఆయన్ని పట్టించుకోలేదు. "ఒరే, ఇలా రా" అని పిలిచింది. కొత్త సైకిళ్ల వెనక దాక్కున్నట్టు నిలబడ్డ తమ్ముడు తల వంచుకుని వచ్చాడు.

"కూర్చో."

కూర్చున్నాడు. ఇస్త్రీ ప్యాంటు గచ్చుకు ఆనింది.

"వదులు చెయ్యడం బాగానే గుర్తుపెట్టుకున్నావు. కట్టడం కూడా నేర్పాను నీకు. కట్టు."

వాడు హబ్బు చేతిలోకి తీసుకున్నాడు. ఒక పుల్ల తీసి ఒక కన్నంలో దూర్చి, రిమ్ము వైపు చూసి, మళ్లీ బయటికి లాగాడు. ఇంకో కన్నంలో దూర్చాడు. నుదుటి మీద చెమట పట్టింది. ఆవిడ సంచి భుజాన వేసుకుని తలుపుదాకా వెళ్లింది. వెనకనుంచి చిన్నప్పటి గొంతు వినిపించింది.

"అక్కా, మొదటి పుల్ల ఏ కన్నంలో?"

ఆవిడ ఆగిపోయింది. జవాబు నాలుక చివరికి వచ్చేసింది. ఎదురుగా ఎవరైనా తప్పు కన్నంలో పుల్ల పెడుతుంటే ఆవిడ నోరు మూసుకున్న రోజు ఇంతవరకూ లేదు. ఆవిడ పళ్లు బిగబట్టి ఆ జవాబును మింగేసింది, తలుపు తోసుకుని వీధిలోకి నడిచింది.